శాస్త్రానుసంధానం: గోదావరి సీమలో ధర్మగ్రంథాల నిత్యజీవిత అన్వయం

నిర్వచనం, పరిధి

ఒక మతసంప్రదాయం ప్రమాణంగా అంగీకరించిన గ్రంథంలోని వాక్యాన్ని చదివి లేదా విని, దాని అర్థాన్ని సొంత నడవడితో పోల్చి చూసుకొని, ఆ పరిశీలన ఫలితంగా మాటలోనో, సంపాదనలోనో, కుటుంబ సంబంధాలలోనో ఒక నిర్దిష్టమైన మార్పుకు పూనుకునే సాధనను ఈ వ్యాసంలో శాస్త్రానుసంధానం అని వ్యవహరించడమైనది. ఇది పారాయణానికి, వ్యాఖ్యానానికి, ఉపదేశానికి దగ్గరి విషయమే అయినా వాటిలో దేనికీ పర్యాయం కాదు. పారాయణంలో గ్రంథాన్ని నియమబద్ధంగా చదవడమే ప్రధానం; వ్యాఖ్యానంలో వాక్యార్థాన్ని నిర్ణయించడం ప్రధానం; ఉపదేశంలో ఒకరు చెప్పగా మరొకరు వింటారు. అనుసంధానంలో మాత్రం చదివే వ్యక్తి తన జీవితాన్నే పరిశీలనకు పెట్టుకుంటాడు.

వేదాంత సంప్రదాయంలో ఈ సాధనకు మూలమైన విభాగం బృహదారణ్యకోపనిషత్తులోని యాజ్ఞవల్క్య–మైత్రేయీ సంవాదంలో కనిపిస్తుంది. అక్కడ చెప్పిన శ్రవణం, మననం, నిదిధ్యాసనం అనే మూడింటిలో శ్రవణం గురుముఖంగా వినడం, మననం విన్నదాన్ని యుక్తితో పరీక్షించుకోవడం, నిదిధ్యాసనం స్థిరపడిన అర్థంలో మనస్సును ఎడతెగకుండా నిలపడం. శ్రీవైష్ణవులు మంత్రార్థాన్ని నిరంతరం తలపోయడాన్ని అనుసంధానం అనీ, ఆచార్యుని సన్నిధిలో గ్రంథాన్ని వాక్యవాక్యంగా చదువుకోవడాన్ని కాలక్షేపం అనీ అంటారు. తెలుగు క్రైస్తవులలో వాక్యధ్యానం, ఏకాంత ప్రార్థన, కుటుంబ ప్రార్థన అనే మాటలు, ముస్లింలలో తదబ్బుర్ (ఖుర్ఆన్ వచనాలను లోతుగా ఆలోచించడం), ముహాసబా (తన లెక్క తానే చూసుకోవడం) అనే మాటలు వాడుకలో ఉన్నాయి.

ఈ వ్యాసానికి కేంద్రం తూర్పు గోదావరి జిల్లాలోని కోరుకొండ. రాజమహేంద్రవరానికి ఉత్తరంగా సుమారు 20 కిలోమీటర్ల దూరంలో, డెల్టా పల్లపు భూములు ముగిసి మెట్ట మొదలయ్యే చోట ఉన్న ఈ ఊరికి లక్ష్మీనరసింహస్వామి కొండ వల్ల ప్రసిద్ధి కలిగింది. ఫాల్గుణ మాసంలో జరిగే స్వామి కల్యాణోత్సవాన్ని చుట్టుపక్కల వారు కోరుకొండ తీర్థం అంటారు. శాస్త్రానుసంధాన చరిత్రలో ఈ ఊరికి స్థానం కల్పించినది మాత్రం తీర్థం కంటే ఎక్కువగా 14వ శతాబ్దంలో ఇక్కడ ఏర్పడిన ఒక గురుశిష్య సంబంధం.

చారిత్రక నేపథ్యం

గోదావరి తీరంలో ధర్మగ్రంథం సామాన్యుల భాషలోకి దిగిరావడం 11వ శతాబ్దంలో మొదలైంది. రాజమహేంద్రవరం నుండి పాలించిన చాళుక్య రాజు రాజరాజనరేంద్రుని ప్రోత్సాహంతో నన్నయభట్టు మహాభారతంలోని ఆది, సభా పర్వాలను, అరణ్యపర్వంలో కొంత భాగాన్ని తెలుగు చేశాడు. 13వ శతాబ్దంలో తిక్కన విరాటపర్వం మొదలుకొని పదిహేను పర్వాలను పూర్తి చేశాడు. సంస్కృత భారతం తనను తాను ధర్మశాస్త్రంగా, అర్థశాస్త్రంగా చెప్పుకొన్న గ్రంథం కనుక, ఈ అనువాదం కథను మాత్రమే కాక, కష్టమైన పరిస్థితిలో ఏది ధర్మమో తేల్చుకునే పద్ధతిని కూడా తెలుగు శ్రోతకు అందించింది. ఆలయ మండపాలలో, గ్రామ చావిళ్లలో జరిగిన పురాణ కాలక్షేపం ద్వారా అక్షరాలు రానివారికి కూడా ఈ పద్ధతి అలవడింది. శాస్త్రానుసంధానాన్ని చదువుకున్నవారి వ్యాసంగంగా మాత్రమే చూడటం ఈ కారణం వల్ల సరికాదు.

1323లో ఓరుగల్లు పతనమై కాకతీయ రాజ్యం అంతరించింది. మరుసటి సంవత్సరమే రాజమహేంద్రవరంలో తుగ్లకుల అధికారి కట్టించిన మసీదు శాసనం ఆ మార్పుకు సాక్ష్యం. అదే కాలంలో దక్షిణాన శ్రీరంగం కూడా దండయాత్రలకు గురై, అక్కడి ఆరాధన, విద్యాపరంపర చాలా ఏళ్లు చెదిరిపోయాయి. ఆ తరువాతి దశాబ్దాలలో కోరుకొండను రాజధానిగా చేసుకొని పాలించిన ముమ్మడి నాయకుడు శ్రీరంగానికి చెందిన పరాశరభట్ట వంశపు ఆచార్యుని గురువుగా స్వీకరించాడు. శక సంవత్సరం 1280 (క్రీ.శ. 1358) నాటి అతని శ్రీరంగం తామ్రశాసనం ఈ సంబంధాన్ని నమోదు చేసింది. రాజ్యాలు కూలి, తీర్థక్షేత్రాలు మూతపడిన కాలంలో ఒక చిన్న కొండకోట శ్రీవైష్ణవ గ్రంథపరంపరకు ఆశ్రయమివ్వడం గోదావరి ప్రాంత మతచరిత్రలో ప్రధానమైన ఘట్టం. రాజకీయ చరిత్రలు దీనికి ఇవ్వవలసినంత చోటు ఇవ్వలేదు. కోరుకొండ ఆలయ వ్యవహారాలతో పరాశర వంశీకుల సంబంధం తరువాతి శతాబ్దాలలోనూ కొనసాగింది.

పరాశరభట్టు, నామార్థ చింతన

ఆ వంశానికి మూలపురుషుడైన పరాశరభట్టు 12వ శతాబ్దపు ఆచార్యుడు. రామానుజుని ప్రియశిష్యుడైన కూరత్తాళ్వాన్ (కూరేశుడు) ఇతని తండ్రి. పరాశర మహర్షి పేరు ఒక శిశువుకు పెట్టిస్తానని యామునాచార్యుని విషయంలో చేసిన ప్రతిజ్ఞను రామానుజుడు ఇతని నామకరణంతో నెరవేర్చాడని గురుపరంపరా గ్రంథాలు చెబుతాయి. స్మృతికర్తగా పేరున్న పరాశరుడు ఈ భట్టు కాడు; అతని ప్రస్తావన వీరేశలింగం వివాదం సందర్భంలో వస్తుంది (చూ. సంస్కరణ యుగం).

భట్టు రచనలలో నిత్యజీవిత అన్వయానికి ముఖ్యమైనవి రెండు. మొదటిది విష్ణుసహస్రనామానికి వ్యాఖ్యానమైన భగవద్గుణదర్పణం. మహాభారతం ఆనుశాసనిక పర్వంలో యుధిష్ఠిరుడు భీష్ముని అడిగిన ఆరు ప్రశ్నలకు సమాధానంగా ఈ వేయినామాలు వస్తాయి. శంకరాచార్యుల పేర ప్రసిద్ధమైన భాష్యం చాలా నామాలను నిర్గుణ బ్రహ్మ పరంగా వివరించగా, భట్టు ప్రతి నామాన్ని ఒక కల్యాణగుణంగా, అంటే ఆశ్రయించిన వారికి మేలుచేసే లక్షణంగా వివరించి, పర, వ్యూహ, విభవ మొదలైన భగవత్స్థితుల వరుసలో కూర్చాడు. ఈ భేదం తత్త్వశాస్త్రానికి సంబంధించినదే అయినా దాని ఆచరణ ఫలం పెద్దది. నామం గుణాన్ని చెబుతుందనుకున్నప్పుడు పారాయణం చేసే వ్యక్తి ఆ గుణం ముందు తనను నిలబెట్టి చూసుకోగలుగుతాడు. ఉదాహరణకు సహిష్ణువు అనే నామం ఓర్చుకొనేవాడిని, అమానీ అనే నామం అభిమానం లేనివాడిని, మానదుడు అనే నామం ఇతరులకు మర్యాద ఇచ్చేవాడిని సూచిస్తాయి. వీటిని అర్థంతో చదివేవారు ఆనాడు ఇంట్లోనో, పొలం గట్టునో, దుకాణంలోనో ఎవరి తప్పును ఓర్చుకోలేకపోయారో, ఎవరి మర్యాదకు భంగం చేశారో తలచుకోక తప్పదు. అర్థం తెలియని పారాయణం వ్యర్థమని సంప్రదాయం అనదు. నామోచ్చారణకే ఫలం ఉందని ఫలశ్రుతి చెబుతుంది. అయినా భట్టు వ్యాఖ్యానం అంత శ్రమతో ప్రతినామ వివరణకు పూనుకోవడమే అర్థచింతనకు ఇచ్చిన ప్రాధాన్యానికి నిదర్శనం.

రెండవది అష్టశ్లోకి. పేరుకు తగ్గట్టు ఎనిమిది శ్లోకాల ఈ చిన్న గ్రంథంలో నాలుగు తిరుమంత్రాన్ని, రెండు ద్వయమంత్రాన్ని, రెండు గీతలోని చరమశ్లోకాన్ని వివరిస్తాయి. ఈ మూడింటినీ కలిపి రహస్యత్రయం అంటారు. తిరుమంత్రంలోని నమఃశబ్దాన్ని "నాది కాదు" అనే అర్థంలో తలచుకోవడం ఈ సంప్రదాయపు అనుసంధానానికి కేంద్రం. శరీరం, భూమి, సంతానం, చేసిన మంచిపని కూడా తన సొత్తు కావని రోజూ గుర్తు చేసుకోవడం దీని ఉద్దేశం. శాస్త్రవాక్యాన్ని దినచర్యలోకి తెచ్చే పద్ధతులలో ఇది అన్నిటికంటే క్లుప్తమైనది, బహుశా అన్నిటికంటే కఠినమైనది.

సాధన సప్తకం

రామానుజుడు శ్రీభాష్యంలో, పూర్వ వ్యాఖ్యాత అయిన వాక్యకారుని ఆధారంగా, ధ్యానం నిలబడటానికి కావలసిన ఏడు సాధనాలను పేర్కొన్నాడు. వివేకం అంటే ఆహారశుద్ధి వల్ల కలిగే దేహశుద్ధి; విమోకం అంటే కామానికి పట్టుబడకపోవడం; అభ్యాసం అంటే ధ్యేయవిషయాన్ని మళ్లీ మళ్లీ పరిశీలించడం; క్రియ అంటే పంచమహాయజ్ఞాల వంటి విధులను శక్తికొద్దీ చేయడం; కల్యాణం అంటే సత్యం, ఆర్జవం, దయ, దానం, అహింస, పరుల సొమ్ముపై ఆశ లేకపోవడం; అనవసాదం అంటే నిరాశలో కుంగిపోకపోవడం; అనుద్ధర్షం అంటే సంతోషంలో మితిమీరకపోవడం.

ఈ జాబితాలో గమనించదగిన విషయమేమంటే, ధ్యానానికి ముందు షరతులుగా చెప్పినవి చాలావరకు గృహస్థుని రోజువారీ విషయాలే. తినే అన్నం, ఇచ్చే దానం, నష్టం వచ్చినప్పటి దిగులు, లాభం వచ్చినప్పటి పొంగు అన్నీ ఇందులోకి వస్తాయి. అనవసాద, అనుద్ధర్షాలను విడివిడిగా చెప్పడం వ్యవసాయ సమాజంలో ప్రత్యేకించి అర్థవంతమైనది. గోదావరి వరద, తుపాను, పంట ధర ఒక్క ఏడాదిలోనే కుటుంబాన్ని ఈ రెండు కొసలకూ తీసుకెళ్లగల ప్రాంతంలో, రెండింటినీ ఒకే స్థాయి లోపాలుగా చూడటానికి కావలసిన నిలకడ వాక్యచింతన వల్ల అలవడుతుందని ఈ సంప్రదాయం భావిస్తుంది.

క్రియలో భాగంగా చెప్పిన పంచమహాయజ్ఞాలు దేవతలకు, పితృదేవతలకు, భూతకోటికి, మనుషులకు, వేదానికి గృహస్థుడు రోజూ తీర్చవలసిన విధులు. వీటిలో బ్రహ్మయజ్ఞం అంటే స్వాధ్యాయం, అనగా తన శాఖకు చెందిన వేదభాగాన్ని నిత్యం చదువుకోవడం. తెలుగునాట బ్రాహ్మణ కుటుంబాలలో ఎక్కువమంది అనుసరించే తైత్తిరీయ శాఖలోని శిక్షావల్లి, చదువు ముగించి ఇంటికి వెళ్లే శిష్యునికి గురువు చెప్పే మాటలలో స్వాధ్యాయాన్ని, అతిథిసేవను, సత్యాన్ని ఒకే వరుసలో చేర్చింది. చదువు వేరు, నడవడి వేరు అనే విభజనకు అక్కడ చోటు లేదు.

పంచకాల విధానం

పాంచరాత్రాగమ సంప్రదాయం రోజును ఐదు భాగాలుగా చేసింది. తెల్లవారుజామున దైవాన్ని సమీపించడం అభిగమనం. తరువాత ఆరాధనకు కావలసిన ద్రవ్యాలను సంపాదించడం ఉపాదానం. మధ్యాహ్నం ఆరాధన చేయడం ఇజ్య. అపరాహ్ణంలో గ్రంథాలను చదివి, విని, ఆలోచించడం స్వాధ్యాయం. రాత్రి మనస్సును భగవంతునిలో నిలిపి విశ్రమించడం యోగం. జయాఖ్య సంహిత వంటి ఆగమగ్రంథాలలో ఈ విభాగం కనిపిస్తుంది. రామానుజుని నిత్యగ్రంథం గృహారాధన క్రమాన్ని వివరించగా, వేదాంతదేశికుడు పాంచరాత్రరక్షలో ఈ ఐదు కాలాల ప్రామాణ్యాన్ని సమర్థించాడు.

ఈ విధానంలో ఉపాదానం అనే రెండవ భాగమే నిత్యజీవిత అన్వయానికి కీలకం. సంపాదన ఆరాధనకు బయట ఉన్న పని కాదు, ఆరాధనలో ఒక అంగం అని ఇది చెబుతుంది. అప్పుడు సంపాదించే తీరు కూడా శాస్త్రపరీక్షకు లోబడుతుంది. తప్పుడు తూకంతో కొన్న బియ్యం నైవేద్యానికి పనికివస్తుందా, కూలి ఎగ్గొట్టి కోసిన పూలు పూజకు తగునా అనే ప్రశ్నలు ఈ చట్రంలో సహజంగా పుడతాయి. రోజంతా ఈ ఐదు కాలాలకే కేటాయించగలిగినవారు పూర్వం కూడా కొద్దిమందే. అర్చకులు, వైదికులు కాని గృహస్థులు తెల్లవారుజామున, దీపాల వేళ ఉన్న రెండు అంచులను పట్టుకొని మధ్యభాగాన్ని తమ వృత్తితో నింపుకొన్నారు. విధానం పూర్తిగా అమలు కాకపోయినా దాని తర్కం నిలిచింది.

వ్రతకథ, పాశురం, గీత

కోరుకొండకు ఈశాన్యంగా ఉన్న అన్నవరంలో 1891లో సత్యనారాయణస్వామి ఆలయం ఏర్పడిన తరువాత సత్యనారాయణ వ్రతం గోదావరి జిల్లాలలో దాదాపు ప్రతి శుభకార్యానికీ తోడైంది. స్కాందపురాణం రేవాఖండానికి చెందినదిగా చెప్పే ఈ వ్రతకథలో పేద బ్రాహ్మణుడు, కట్టెలమ్ముకొనేవాడు, మొక్కు మరిచిన వర్తకుడు, ప్రసాదాన్ని నిర్లక్ష్యం చేసిన రాజు వస్తారు. కథ విన్నవారిలో చాలామందికి గుర్తుండేది వర్తకుడు పడవలోని సరుకు గురించి అబద్ధం చెప్పిన ఘట్టం. మాట ఇచ్చి వాయిదా వేయడం, ఉన్నదాన్ని లేదనడం అనే రెండు సాధారణ తప్పులను కథ నేరుగా శ్రోత ముందు పెడుతుంది. వ్రతాన్ని కోరిక తీర్చే క్రియగా మాత్రమే చూసే ధోరణి ప్రబలమైనదే. కథను ఇంటిల్లిపాది కూర్చొని వినాలనే నియమం మాత్రం మొక్కులోని ఇచ్చిన మాటను ప్రతి శుభకార్యంలోనూ తిరిగి గుర్తు చేస్తుంది.

ధనుర్మాసంలో ఆండాళ్ తిరుప్పావైలోని ముప్పై పాశురాలను రోజుకు ఒకటి చొప్పున తెల్లవారుజామున అనుసంధించడం వైష్ణవాలయాలలో ఆచారం. ఒక గ్రంథాన్ని కచ్చితంగా రోజులకు పంచిన ఏర్పాటు ఇది. పొరుగు అమ్మాయిలను నిద్రలేపి వెంట తీసుకెళ్లే ఆ పాటల ఇతివృత్తం వల్ల అనుసంధానం ఒంటరి సాధన కాదనే భావం బలపడుతుంది. అందులో స్త్రీల పాత్ర కూడా స్పష్టంగా నిలుస్తుంది. తూర్పు గోదావరి జిల్లా అర్తమూరులో జన్మించిన త్రిదండి చినజీయర్ స్వామి తిరుప్పావై ప్రవచనాలు ఈ ఆచారాన్ని 20వ శతాబ్దపు చివరి దశాబ్దాల నుండి కొత్త తరాలకు చేరువ చేశాయి.

భగవద్గీత విషయంలో తెలుగు పాఠకులపై విశేష ప్రభావం చూపినది శ్రీకాళహస్తి శుకబ్రహ్మాశ్రమానికి చెందిన విద్యాప్రకాశానందగిరి స్వామి రచించిన గీతామకరందం. ప్రతిపదార్థం, తాత్పర్యంతో ఆగక, శ్లోకం నుండి సాధకుడు గ్రహించవలసినదాన్ని విడిగా చెప్పడం ఈ గ్రంథపు పద్ధతి. పదిహేడవ అధ్యాయంలో వాచిక తపస్సుకు చెప్పిన లక్షణాలను ఉదాహరణగా తీసుకోవచ్చు. మాట ఎదుటివారిని కలవరపెట్టకూడదు, సత్యమై, ప్రియమై, హితమై ఉండాలి; స్వాధ్యాయాభ్యాసం కూడా వాక్కు చేసే తపస్సే. ఈ నియమాలలో ఏదో ఒకదాన్ని పాటించడం సులువు. అప్పు తీర్చని బంధువుతోనో, నీటి వంతు దాటిన పొరుగు రైతుతోనో మాట్లాడేటప్పుడు అన్నిటినీ కలిపి పాటించడంలోనే అన్వయం అసలు స్వరూపం బయటపడుతుంది.

క్రైస్తవ సంఘాలలో వాక్యధ్యానం

గోదావరి డెల్టాలో బైబిలు పఠనం గృహసాధనగా వేళ్లూనడానికి 19వ శతాబ్దపు రెండు మిషన్లు కారణం. 1836లో ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్ వెంట భారతదేశానికి వచ్చిన విలియం బౌడెన్, జార్జి బీర్ నరసాపురం కేంద్రంగా స్థాపించిన గోదావరి డెల్టా మిషన్ బ్రదరెన్ సంప్రదాయానికి చెందినది. ఈ సంఘాలలో అభిషిక్తులైన పాదిరీల వర్గం ఉండదు. ఆదివారం రొట్టె విరుచు కూడికలో విశ్వాసులే లేచి వాక్యాన్ని చదివి వివరిస్తారు. కాబట్టి ప్రతి గృహస్థుడూ వారమంతా సొంతంగా వాక్యం చదువుకోవలసిన అవసరం వ్యవస్థలోనే ఇమిడి ఉంది. 1845లో రాజమహేంద్రవరంలో లూయీ వాలెట్ ప్రారంభించిన జర్మన్ లూథరన్ మిషన్ కొద్ది సంవత్సరాలలోనే అమెరికన్ లూథరన్ల చేతికి వచ్చింది. 1927లో ఏర్పడిన ఆంధ్ర ఎవాంజెలికల్ లూథరన్ సంఘానికి మూలాలలో ఇది ఒకటి.

లూథరన్ సంప్రదాయంలో ఇంటి యజమాని తన కుటుంబానికి నేర్పవలసిన పుస్తకంగా మార్టిన్ లూథర్ 1529లో చిన్న ప్రశ్నోత్తరిని రచించాడు. పది ఆజ్ఞలలో చాలావాటికి చేయకూడని పనితోపాటు చేయవలసిన పనిని కూడా జోడించి వివరించడం ఆ పుస్తకపు ప్రత్యేకత. 1539లో లూథర్ వేదాధ్యయనానికి ప్రార్థన, ధ్యానం, శోధన అనే మూడు నియమాలు చెప్పాడు. శోధన అంటే జీవితంలో ఎదురయ్యే కష్టం, పరీక్ష. గ్రంథార్థం పుస్తకం ముందు కూర్చున్నప్పుడు సగమే తెలుస్తుందనీ, మిగతా సగం కష్టంలో తెలుస్తుందనీ దీని భావం. మననం, నిదిధ్యాసనాల క్రమంతో దీనికి పోలిక ఉన్నా, బయటి నుండి వచ్చే కష్టానికి బోధకస్థానం ఇవ్వడంలో భేదం ఉంది.

రాజమహేంద్రవరానికి సమీపంలోని జేగురుపాడులో జన్మించిన ముంగమూరి దేవదాసు లూథరన్ విద్యాసంస్థలలో పనిచేసి, 1938లో రాజమహేంద్రవరంలో బైబిలు మిషన్‌ను స్థాపించాడు. 1960లో మరణించిన ఈయనను అనుయాయులు దేవదాసు అయ్యగారు అంటారు. దైవసన్నిధిలో మౌనంగా కనిపెట్టుకొని ఉండటం ఈయన బోధలో ప్రధానం. మనస్సును నిదానపరచుకొని, తప్పులను ఒప్పుకొని, దిద్దుకోవడానికి తీర్మానించుకొని, ఆ తరువాత వినడానికి వేచి ఉండే ఈ సాధనను సన్నిధి అని వ్యవహరిస్తారు. విదేశీ మిషన్ల ఆర్థిక, పరిపాలనా ఆధారం లేకుండా, గోదావరి పల్లె నుండి వచ్చిన ఒక ఉపాధ్యాయుడు ఏర్పరచిన ఈ పద్ధతి తెలుగు క్రైస్తవ్యానికి చెందిన స్వతంత్రమైన సాధనామార్గం.

తెలుగు కొత్త నిబంధన 1818లో శ్రీరాంపురంలో అచ్చయింది. అయితే చదవడం రాని విశ్వాసులు ఎక్కువగా ఉన్న పేటలలో వాక్యాన్ని ఇంటింటికీ తీసుకెళ్లినవారు బైబిలు స్త్రీలు అనే పేరుతో మిషన్లలో పనిచేసిన తెలుగు మహిళలు. పురుషోత్తమ చౌదరి (1803–1890) మొదలైనవారి కీర్తనలు కూడా కంఠస్థమైన వాక్యంగా పనిచేశాయి. పొలం పనిలో పాడుకునే కీర్తన ద్వారా జరిగే ధ్యానం పుస్తక పఠనానికి ఏ విధంగానూ తక్కువది కాదు.

ముస్లిం సమాజంలో

ఖుర్ఆన్ తనను చదివేవారిని ఆలోచించమని పదేపదే కోరుతుంది. తదబ్బుర్ అనే భావనకు ఆధారం అదే. ఐదు పూటల నమాజు రోజును విభజించే తీరు పంచకాల విధానాన్ని గుర్తుకు తెచ్చినా రెండింటి తాత్త్విక పునాదులు వేరు. ముహాసబాలో వ్యక్తి నిద్రకు ముందు ఆనాటి పనులను తలచుకొని, ఎవరి హక్కుకైనా భంగం కలిగిందా అని చూసుకుంటాడు. చిలుకూరి నారాయణరావు చేసిన ఖుర్ఆన్ అనువాదంతో ఈ గ్రంథార్థం తెలుగులో అందుబాటులోకి రావడం మొదలైంది. రంజాన్ మాసంలోను, ఖుర్ఆన్ దర్సు అనే సామూహిక పాఠాలలోను వచనాల అన్వయచర్చ జరుగుతుంది.

సంస్కరణ యుగం: అన్వయంపై వివాదం

శాస్త్రవాక్యాన్ని జీవితానికి అన్వయించడం వ్యక్తిగత నడవడికే పరిమితం కాదనే విషయం 19వ శతాబ్దపు రాజమహేంద్రవరంలో తీవ్రంగా ముందుకు వచ్చింది. కందుకూరి వీరేశలింగం (1848–1919) 1879లో వితంతు వివాహంపై ఉపన్యసించి, శాస్త్రం దానికి అనుకూలమని వాదించాడు. ఆయనకు ముందు బెంగాల్‌లో ఈశ్వరచంద్ర విద్యాసాగరుడు ఆధారంగా తీసుకున్న పరాశరస్మృతి వచనమే ఇక్కడా చర్చకు కేంద్రమైంది. భర్త కనిపించకుండా పోవడం, మరణించడం, సన్యసించడం, నపుంసకుడు కావడం, పతితుడు కావడం అనే ఐదు ఆపదలలో స్త్రీకి మరొక భర్తను విధించిన వచనమది. పరాశరస్మృతి కలియుగానికి ఉద్దేశించినదని సంస్కర్తలు అన్నారు. ఆ వచనం నిశ్చితార్థం మాత్రమే జరిగిన కన్యకు సంబంధించినదని, కలియుగంలో నిషిద్ధమైన పనుల జాబితాలో పునర్వివాహం ఉందని పండితులు ప్రతివాదం చేశారు. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో తొలి వితంతు వివాహం జరిగింది. పాల్గొన్నవారు సామాజిక బహిష్కారాన్ని ఎదుర్కొన్నారు.

ఈ వివాదంలో రెండు పక్షాలూ శాస్త్రాన్ని ప్రమాణంగా ఒప్పుకున్నాయి. భేదం ఎక్కడ ఉందంటే, ఒక పక్షం వాక్యాల మధ్య సమన్వయంతో తృప్తిపడింది; మరొక పక్షం ఇంట్లో కళ్లెదుట ఉన్న బాలవితంతువు దుఃఖాన్ని కూడా వాక్యార్థ నిర్ణయంలో లెక్కలోకి తీసుకుంది. వీరేశలింగం తరువాతి కాలంలో శాస్త్రప్రమాణం కంటే యుక్తికి, అంతరాత్మకు ప్రాధాన్యమిచ్చే బ్రహ్మసమాజ దృక్పథానికి దగ్గరైనా, ఆ వాదం తొలి దశలో శాస్త్రానుసంధానమే. ఈ అంశాన్ని సంస్కరణోద్యమ చరిత్రలో మాత్రమే చదివి, ధర్మగ్రంథ పఠన చరిత్రలో చదవకపోవడం వల్ల దాని విలువ తగ్గింది.

దగ్గరి ఆచారాలు, పరిమితులు, విమర్శలు

అనుసంధానానికి సన్నిహితంగా కనిపించే కొన్ని ఆచారాలను వేరుగా గుర్తించవలసి ఉంటుంది. రామాయణాన్ని ఎక్కడో ఒకచోట తెరిచి, కంటబడిన ఘట్టాన్ని బట్టి శకునం చూడటం, ఆటంకాలు తొలగడానికి సుందరకాండ పారాయణ చేయడం, కొత్త సంవత్సరపు రాత్రి ఆరాధనలో క్రైస్తవ కుటుంబాలు వాగ్దాన కార్డును తీసుకొని ఏడాదికి తమ వాక్యంగా భావించడం ఇటువంటివి. ఇవి ధైర్యాన్నీ ఓదార్పునూ ఇస్తాయి. అయితే వీటిలో వాక్యం చదివే వ్యక్తికి హామీ ఇస్తుందే తప్ప అతనిని ప్రశ్నించదు. వాగ్దాన వాక్యాన్ని ఏడాది పొడవునా దాని పూర్వాపరాలతో చదివి, తన బాధ్యత ఏమిటని ఆలోచించేవారి విషయంలో ఆచారం అనుసంధానంగా మారుతుంది.

వ్యక్తిగత పరిశీలన మీద వచ్చిన ప్రధాన విమర్శ, సొంత కోరికకు వాక్యాన్ని సాక్ష్యంగా తెచ్చుకునే ప్రమాదం గురించి. దీనికి సంప్రదాయాలు వేర్వేరు అడ్డుకట్టలు వేశాయి. శ్రీవైష్ణవంలో ఆచార్యోపదేశం, మీమాంసలో ఉపక్రమం, ఉపసంహారం వంటి తాత్పర్య లింగాలు (వాక్యాభిప్రాయాన్ని నిర్ణయించే గుర్తులు), బ్రదరెన్ కూడికలో తోటి విశ్వాసుల పరీక్ష, ఇస్లాంలో తఫ్సీర్ అనే వ్యాఖ్యాన పరంపర ఆ పనిచేస్తాయి. రెండవ విమర్శ సామాజికమైనది. వేదాధ్యయనం శతాబ్దాలపాటు స్త్రీలకు, శూద్రులకు, దళితులకు మూసి ఉన్నందున, స్వాధ్యాయాన్ని సార్వజనీన సాధనగా వర్ణించడం చరిత్రను దాచినట్లవుతుంది. పురాణం, పాశురం, కీర్తన, తెలుగు బైబిలు ఆ గోడకు అవతల ఉన్నవారికి వాక్యాన్ని చేర్చిన మార్గాలు కాబట్టి, ఈ విషయపు చరిత్రలో వాటికి వేదాధ్యయనంతో సమానమైన స్థానం ఇవ్వడం న్యాయం. మూడవది, అంతర్ముఖ పరిశీలన అన్యాయమైన వ్యవస్థను ఓర్చుకోవడం నేర్పుతుందనే ఆక్షేపణ. సహిష్ణుత గురించిన నామార్థ చింతనకు ఇది వర్తించే సందర్భాలు ఉన్నాయి. వితంతు వివాహ వాదం దానికి ఎదురు సాక్ష్యం.

సమకాలీన రూపాలు

1980ల తరువాత ఆడియో క్యాసెట్లు, ఆపై భక్తి టీవీ చానెళ్లు, యూట్యూబ్ ప్రవచనాన్ని ఆలయ మండపం నుండి ఇంట్లోకి తెచ్చాయి. కాకినాడకు చెందిన చాగంటి కోటేశ్వరరావు ప్రవచనాలలో పురాణఘట్టాన్ని తల్లిదండ్రుల సేవ, దాంపత్యం, పిల్లల పెంపకం వంటి గృహవిషయాలకు అన్వయించడం ప్రముఖంగా కనిపిస్తుంది. పశ్చిమ గోదావరి ప్రాంతానికి చెందిన అవధాని గరికపాటి నరసింహారావు ప్రవచనాలలో పద్యవ్యాఖ్యానంతో పాటు సమకాలీన అలవాట్ల విమర్శ ఉంటుంది. ఇద్దరి పద్ధతులు వేరైనా, గ్రంథార్థంలో పెద్ద భాగం శ్రోత దినచర్య గురించిన మాటగా మారడం రెండింటికీ సామాన్యం.

మాధ్యమం మారడంతో సాధనలోనూ మార్పు వచ్చింది. కాలక్షేపంలో ఒక వాక్యం దగ్గర రోజుల తరబడి ఆగే వీలుండేది, సందేహం అడిగే శిష్యుడు ఎదురుగా ఉండేవాడు. వాట్సాప్‌లో రోజూ వచ్చే శ్లోకానికో, బైబిలు వచనానికో ఆ రెండూ లేవు. ఒకటి చదివేలోగా మరొకటి వస్తుంది. శ్రవణం ఇంత విస్తరించిన కాలంలో మననానికి దొరికే వ్యవధి తగ్గిపోవడం నేటి సాధకుల ముందున్న ప్రధాన సమస్య. దీనికి సమాధానంగా కొన్ని గృహాలలో, సంఘాలలో పాత నియమాలే కొత్త వేళలతో తిరిగి వస్తున్నాయి. వారానికి కొన్ని సహస్రనామాలను మాత్రమే అర్థంతో చదవడం, ధనుర్మాసంలో విదేశాల్లోని బంధువులతో కలిసి ఆన్‌లైన్‌లో పాశురాన్ని అనుసంధించడం, కుటుంబ ప్రార్థనలో ఒకే అధ్యాయాన్ని వారం పాటు చదివి ఒక్కొక్కరు ఆ వారం తమకు కష్టమైన సందర్భాన్ని చెప్పుకోవడం ఇందుకు ఉదాహరణలు. ఈ చివరి పద్ధతిలో పిల్లలకూ పెద్దలతో సమానంగా మాట్లాడే అవకాశం ఉంటుంది. ఆచార్యపీఠం, ప్రసంగవేదిక కేంద్రంగా సాగిన పాత వ్యవస్థలలో వారికి ఆ చోటు దక్కలేదు.